ఆఫీసులో మెయిల్ వస్తోంది, బయట నుంచి రావట్లేదు: లోడ్ బాలెన్సర్ వెనక ఏం జరుగుతోంది?

ఆఫీసులో కూర్చుంటే మెయిల్ బానే ఓపెన్ అవుతుంది, ఇంటికెళ్లి ఫోన్‌లో తీస్తే అలా తిరుగుతూనే ఉంటుంది. ఈ కంప్లైంట్ రాగానే మెయిల్ అడ్మిన్ చెప్పే మొదటి మాట "సర్వర్ ఓకే, లోపల వస్తోంది కదా, ఫైర్‌వాల్ వాళ్లని అడగండి". ఫైర్‌వాల్ వాళ్లేమో "443 పోర్ట్ (వెబ్‌మెయిల్ వచ్చే ద్వారం) ఓపెన్‌గానే ఉంది, హిట్స్ కూడా పడుతున్నాయి" అంటారు. ఇద్దరు చెప్పేదీ నిజమే, అయినా మెయిల్ రాదు, మధ్యలో యూజర్ నలిగిపోతాడు. రెండు మూడు మెయిల్ సర్వర్లు పెట్టి వాటి ముందు లోడ్ బాలెన్సర్ (వచ్చే ట్రాఫిక్‌ని సర్వర్లకి పంచే పెట్టె) పెట్టిన చోట ఇది మరీ ఎక్కువ. నా ఉద్దేశంలో దీనికి పెద్ద కారణం ఒకటే, ప్యాకెట్ లోపలికి ఎలా వెళ్తోందో అందరం చూస్తాం గానీ జవాబు ఏ దారిన బయటికి పోతోందో చూసేవాళ్లు చాలా తక్కువ.

మామూలుగా కనిపించే సెటప్ ఒకటి తీసుకుందాం. రెండు ఎక్స్ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ మెయిల్ సాఫ్ట్‌వేర్) సర్వర్లు, 10.10.20.11, 10.10.20.12. వాటి ముందు లోడ్ బాలెన్సర్, కెంప్ కావచ్చు ఎఫ్5 కావచ్చు హెచ్ఏప్రాక్సీ కావచ్చు, దాని మీద 10.10.20.50 అనే వర్చువల్ ఐపీ, అదే అందరూ విప్ అనేది. దాని ముందు ఫైర్‌వాల్, పబ్లిక్ ఐపీకి వచ్చిందాన్ని విప్‌కి నాట్ చేసి, అంటే అడ్రస్ మార్చి పంపుతుంది. లైనక్స్ మెయిల్ సాఫ్ట్‌వేర్లు పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ వాడేవాళ్లకి కూడా కథ దాదాపు ఇదే, ఎక్కడ తేడా ఉందో అక్కడ చెప్తాను.

ముందు తేల్చుకోవాల్సింది, లోపలి వాళ్లు అసలు విప్ మీదుగా వెళ్తున్నారా అని. చాలాచోట్ల డీఎన్ఎస్ (పేరుకి ఐపీ చెప్పే పట్టిక) లోపల ఒకటి బయట ఒకటి ఉంటుంది, లోపలి డీఎన్ఎస్‌లో మెయిల్ పేరు ఎప్పుడో ఒకే సర్వర్ ఉన్న రోజుల్లో పెట్టినట్టే .11కి చూపిస్తూ ఉంటుంది, లోడ్ బాలెన్సర్ తర్వాతెప్పుడో వచ్చింది, ఆ రికార్డ్ ఎవరూ మార్చలేదు. అంటే లోపలి వాళ్లు ఒక్కరు కూడా లోడ్ బాలెన్సర్‌ని తాకట్లేదు. అవుట్‌లుక్ అయితే ఇంకా వేరు, డొమైన్‌లో ఉన్న పీసీ ఆటోడిస్కవర్ (అవుట్‌లుక్ తన సెట్టింగ్స్ తెచ్చుకునే చోటు) అడ్రస్‌ని యాక్టివ్ డైరెక్టరీలో (ఆఫీస్ యూజర్ల, పీసీల లిస్ట్‌లో) ఉన్న ఎస్‌సీపీ అనే ఎంట్రీ నుంచే తెచ్చుకుంటుంది, బయట ఉన్న పీసీ మాత్రం డీఎన్ఎస్‌లో వెతుక్కోవాలి, కాబట్టి బయట ఆటోడిస్కవర్ రికార్డ్ లేకపోయినా ఆఫీసులో ఎవరికీ తెలీదు. అందుకే "లోపల పనిచేస్తోంది" అన్న మాటని నేను సాక్ష్యంగా తీసుకోను. లోపలే ఒక పీసీలో హోస్ట్స్ ఫైల్ తెరిచి మెయిల్ పేరుని 10.10.20.50కి చూపించి అప్పుడు ఓపెన్ చేసి చూడండి. అక్కడే ఆగిపోతే ఫైర్‌వాల్ వాళ్లని తర్వాత అడగొచ్చు, గొడవ మన దగ్గరే ఉంది.

బయట నుంచి టెస్ట్ చేసేటప్పుడు ఆఫీస్ వైఫైలో ఉండి పబ్లిక్ ఐపీ కొట్టి చూడటం టెస్ట్ కాదు, అది ఫైర్‌వాల్ దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరగాలి, చాలా ఫైర్‌వాల్స్‌లో ఆ హెయిర్‌పిన్ నాట్ వేరుగా రాస్తే తప్ప పనిచెయ్యదు. ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద చూడండి. ఇక్కడ మనదేశంలో ఇంకో మెలిక ఉంది, జియో లాంటి నెట్‌వర్క్‌లు ఐపీవీ6 (కొత్త తరం ఐపీ అడ్రస్‌లు) బాగా వాడతాయి, మీ డొమైన్‌కి ఎవరో ఎప్పుడో ఒక క్వాడ్ ఏ (AAAA, అంటే ఐపీవీ6 అడ్రస్ చెప్పే) రికార్డ్ పెట్టి వదిలేసి ఉంటే, ఆ ఐపీవీ6 అడ్రస్‌కి ఫైర్‌వాల్ రూల్ లేకపోతే, ఫోన్ ముందు అటే పోయి ఇరుక్కుంటుంది, ఇంట్లో ఐపీవీ4 మాత్రమే ఉన్న బ్రాడ్‌బ్యాండ్ వాడికి మాత్రం బానే వస్తుంది. "కొందరికి వస్తోంది కొందరికి రావట్లేదు" అన్నప్పుడు ఇది చూడకుండా వదలొద్దు.

తర్వాత ఎర్రర్‌ని జాగ్రత్తగా చదవాలి, "రావట్లేదు" అనేది ఎర్రర్ కాదు. చాలాసేపు తిరిగి టైమౌట్ అయితే ఎక్కడో ప్యాకెట్‌ని చప్పుడు లేకుండా పడేస్తున్నారు, లేదా జవాబు దారి తప్పింది. వెంటనే కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని వస్తే ప్యాకెట్ ఏదో ఒక మెషిన్ దాకా వెళ్లింది, అక్కడ ఆ పోర్ట్ మీద ఎవరూ వినట్లేదు. 503 (సర్వీస్ దొరకట్లేదు అనే ఎర్రర్) వస్తే చాలా మంచి వార్త, బయట నుంచి లోడ్ బాలెన్సర్ దాకా రానూపోనూ దారంతా బాగుంది, దాని లెక్కలో వెనక బతికున్న సర్వర్ ఒక్కటీ లేదు అంతే. కనెక్ట్ అయ్యి టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్ కుదుర్చుకునే దశ) దగ్గర ఆగిపోతే కారణం సర్టిఫికెట్, టీఎల్ఎస్ వెర్షన్, లేదా ఎమ్‌టీయూ (దారిలో పట్టే ప్యాకెట్ గరిష్ఠ సైజు). ఆ చివరిది చాలామందికి తట్టదు, చిన్న ప్యాకెట్లు వెళ్తాయి కాబట్టి కనెక్షన్ కుదురుతుంది, సర్వర్ తన సర్టిఫికెట్ పంపేటప్పుడు ప్యాకెట్ పెద్దది అవుతుంది, దారిలో ఎక్కడో వీపీఎన్ టన్నెలో పీపీపీఓఈ (లాగిన్‌తో నడిచే బ్రాడ్‌బ్యాండ్) లైనో ఉండి 1500 బైట్లు పట్టదు, చిన్నది చేసి పంపు అని చెప్పే ఐసీఎంపీ మెసేజ్‌ని సెక్యూరిటీ పేరుతో ఎవరో బ్లాక్ చేసి ఉంటారు, ఇక అక్కడే నిలబడిపోతుంది. ఐసీఎంపీ మొత్తాన్ని బ్లాక్ చెయ్యడం సెక్యూరిటీ కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు అసలు సంగతి, జవాబు దారి. లోడ్ బాలెన్సర్ రెండు పద్ధతుల్లో పనిచేస్తుంది అనుకోండి. ఒక పద్ధతిలో బయటి క్లయింట్ ఐపీని అలాగే ఉంచి, గమ్యం మాత్రం .50 నుంచి .11కి మార్చి పంపుతుంది. .11కి కనిపించేది ఎక్కడో ఉన్న పబ్లిక్ ఐపీ. జవాబు రాసి తన డిఫాల్ట్ గేట్‌వేకి (వేరే నెట్‌వర్క్‌లకి దారి చూపే పెట్టెకి) ఇస్తుంది, ఆ గేట్‌వే ఫైర్‌వాల్ అయితే జవాబు లోడ్ బాలెన్సర్‌ని తప్పించుకుని నేరుగా ఫైర్‌వాల్ దగ్గరికి వస్తుంది, దాని మీద సోర్స్ .11 అని ఉంటుంది. ఫైర్‌వాల్ టేబుల్‌లో ఉన్నదేమో .50తో మొదలైన కనెక్షన్. నువ్వెవరు అని పడేస్తుంది. మీరు ఒక నంబర్‌కి ఫోన్ చేస్తే వేరే నంబర్ నుంచి జవాబు వచ్చినట్టన్నమాట, ఎవరూ ఎత్తరు. బయట క్లయింట్‌కి కనిపించేది టైమౌట్, ఫైర్‌వాల్ వాళ్లకి కనిపించేది "ఎలౌడ్" అని పడిన హిట్, సర్వర్ మీద చూస్తే సిన్ (కనెక్షన్ అడిగే ప్యాకెట్) వచ్చింది, సిన్-యాక్ (దానికి జవాబు) వెళ్లింది. యూజర్‌కి తప్ప మిగతా ఇద్దరి స్క్రీన్ మీదా అంతా పచ్చగానే ఉంటుంది. లోపలి వాళ్లు విప్ వాడి ఉంటే వాళ్లకీ ఇదే దెబ్బ తగిలేది, వాళ్లు నేరుగా .11కి వెళ్తున్నారు కాబట్టి ఎవరికీ తెలీలేదు.

దీనికి మూడు మందులున్నాయి. సర్వర్ల డిఫాల్ట్ గేట్‌వేని లోడ్ బాలెన్సర్‌కి మార్చడం ఒకటి, అప్పుడు అప్‌డేట్లు, బ్యాకప్, వేరే నెట్‌వర్క్‌కి పోయే ప్రతిదీ దాని మీదుగానే పోతుంది, దాని మీద భారం పెరుగుతుంది. రెండోది డైరెక్ట్ సర్వర్ రిటర్న్, ప్రతి సర్వర్ లూప్‌బ్యాక్ (తన లోపలి ఇంటర్‌ఫేస్) మీద కూడా .50 పెట్టి జవాబు .50 పేరుతోనే నేరుగా పంపించడం, వేగంగా ఉంటుంది గానీ లైనక్స్‌లో ఏఆర్‌పీ (ఏ ఐపీ ఏ మెషిన్‌దో అడిగి తెలుసుకునే పద్ధతి) సెట్టింగ్స్ సరిగ్గా లేకపోతే .50 ఎవరిది అని అడిగినప్పుడు లోడ్ బాలెన్సర్‌తో పాటు సర్వర్లు కూడా నాదే నాదే అంటాయి, ఫైర్‌వాల్ ఎవరి మాట ముందు వింటే ట్రాఫిక్ అంతా వాళ్లకే. మూడోది అందరూ వాడేది, లోడ్ బాలెన్సర్ పనిచేసే ఆ రెండో పద్ధతి, సోర్స్ నాట్, అంటే లోడ్ బాలెన్సర్ తన ఐపీతోనే సర్వర్లతో మాట్లాడటం. జవాబు కచ్చితంగా దాని దగ్గరికే వస్తుంది.

సోర్స్ నాట్ పెట్టాక కూడా బయట నుంచి రావట్లేదంటే నేను వెంటనే చూసేది లోడ్ బాలెన్సర్ సొంత డిఫాల్ట్ గేట్‌వే. దీనికి మేనేజ్‌మెంట్ పోర్ట్ ఒకటి, ట్రాఫిక్ పోర్ట్ ఒకటి ఉంటాయి, ఇన్‌స్టాల్ చేసినవాళ్లు మొదటి స్క్రీన్‌లో మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ గేట్‌వేనే ఇచ్చేసి ముందుకెళ్లిపోతారు. లోపలి నెట్‌వర్క్‌లు ఆ గేట్‌వే ద్వారా ఎలాగూ దొరుకుతాయి కాబట్టి లోపల విప్ కొట్టినా పనిచేస్తుంది, బయటి ఐపీకి పంపాల్సిన జవాబు మాత్రం మేనేజ్‌మెంట్ వైపు పోయి మాయమవుతుంది. లోపల విప్ పనిచేస్తోంది, బయట టైమౌట్, ఫైర్‌వాల్‌లో హిట్ ఉంది, ఈ మూడూ కలిస్తే ముందు ఇదే చూడండి. పట్టుకోవడానికి ఒకటే మార్గం, ఫైర్‌వాల్ బయటి కాలు, లోపలి కాలు, లోడ్ బాలెన్సర్, సర్వర్, ఈ నాలుగు చోట్లా ఒకేసారి ప్యాకెట్ క్యాప్చర్ పెట్టి, ఫోన్ నుంచి ఒక్కసారి కనెక్ట్ చేసి, సిన్-యాక్ ఎక్కడిదాకా కనిపించిందో చూడటం. కాసేపటి పని, దాన్ని ఎవరూ చెయ్యక టికెట్ రెండు టీముల మధ్య తిరుగుతూ ఉంటుంది.

పాత విండోస్ ఎన్ఎల్‌బీ (విండోస్‌తో వచ్చే లోడ్ బాలెన్సింగ్) వాడేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి అది కూడా ఒక మాట. మల్టీకాస్ట్ మోడ్‌లో పెడితే క్లస్టర్ ఐపీకి 03-బీఎఫ్‌తో మొదలయ్యే మల్టీకాస్ట్ మ్యాక్ (గుంపుకి వాడే హార్డ్‌వేర్ అడ్రస్) వస్తుంది, మామూలు ఐపీకి మల్టీకాస్ట్ మ్యాక్ చెప్పే ఏఆర్‌పీ జవాబుని సిస్కో రౌటర్లు నమ్మవు. ఫలితం, అదే వీలాన్‌లో (లోపలి నెట్‌వర్క్‌లో ఒక భాగంలో) ఉన్న పీసీలకి పనిచేస్తుంది, రౌటర్ అవతల ఎవరికీ పనిచెయ్యదు, రౌటర్‌లో స్టాటిక్ ఏఆర్‌పీ చేత్తో రాయాలి. పైగా డీఏజీలో (మెయిల్‌బాక్స్‌ల కాపీలు పెట్టుకునే ఎక్స్ఛేంజ్ సర్వర్ల గుంపులో) ఉన్న సర్వర్ మీద ఎన్ఎల్‌బీ పెట్టకూడదు, డీఏజీ వాడే ఫెయిలోవర్ క్లస్టరింగ్, ఎన్ఎల్‌బీ ఒకే మెషిన్ మీద కలిసి బతకవు.

సోర్స్ నాట్ వల్ల దారి కుదిరింది గానీ 25 పోర్ట్ (సర్వర్ల మధ్య మెయిల్ వెళ్లే ఎస్ఎంటీపీ పోర్ట్) దగ్గర అదే సోర్స్ నాట్ చాలా ప్రమాదం తెస్తుంది, ఈ ముక్క దయచేసి నెమ్మదిగా చదవండి. ప్రింటర్లు, స్కానర్లు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్ లేకుండా మెయిల్ పంపడానికి ఎక్స్ఛేంజ్‌లో ఒక రిలే కనెక్టర్ పెట్టి, దానికి 10.10.0.0/16 మొత్తం, అంటే 10.10తో మొదలయ్యే లోపలి ఐపీలన్నీ ఇచ్చేస్తాం. పోస్ట్‌ఫిక్స్‌లో మైనెట్‌వర్క్స్ అనే నమ్మే ఐపీల లిస్ట్‌లో 10.0.0.0/8 రాసేస్తాం. ఇప్పుడు బయట నుంచి వచ్చే ప్రతి ఎస్ఎంటీపీ కనెక్షన్ సర్వర్‌కి లోడ్ బాలెన్సర్ ఐపీతో, అంటే 10.10.20తో మొదలయ్యే అడ్రస్‌తో కనిపిస్తుంది. ప్రపంచంలో ఉన్న ప్రతివాడూ మన ప్రింటరే అయిపోయాడు. స్పామ్ వాళ్ల స్కానర్లు ఓపెన్ రిలేని (ఎవరి మెయిల్‌నైనా పంపించే సర్వర్‌ని) కనిపెట్టడానికి ఎక్కువ టైమ్ తీసుకోవు, ఆ తర్వాత మీ పబ్లిక్ ఐపీ స్పామ్‌హాస్ లాంటి బ్లాక్‌లిస్ట్‌లో పడుతుంది, మీ కంపెనీ పంపే అసలు మెయిల్స్ కూడా ఎక్కడా చేరవు. రిలే ఓపెన్ కాకపోయినా సరే, పంపినవాడి ఐపీ తెలీనప్పుడు ఎస్‌పీఎఫ్ (ఆ డొమైన్ పేరుతో పంపే హక్కు ఆ ఐపీకి ఉందా అనే) చెక్, బ్లాక్‌లిస్ట్ చెక్ రెండూ అర్థం లేకుండా పోతాయి.

అందుకని 25 మీద మార్పు చేసిన ప్రతిసారీ బయటి నెట్‌వర్క్ నుంచి టెల్నెట్ (పోర్ట్‌తో నేరుగా టైప్ చేసి మాట్లాడే టూల్) చేసి, మీది కాని డొమైన్ నుంచి మీది కాని ఇంకో డొమైన్‌కి పంపడానికి ట్రై చెయ్యండి, ఎక్స్ఛేంజ్ అయితే 550 5.7.54, పోస్ట్‌ఫిక్స్ అయితే 554 5.7.1 అని తిట్టాలి, 250 అని ఒప్పుకుంటే ఆ క్షణమే ఫైర్‌వాల్‌లో 25 మూసెయ్యండి. పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ వాళ్లకి మంచి మార్గం ఉంది, ప్రాక్సీ ప్రోటోకాల్. లోడ్ బాలెన్సర్ కనెక్షన్ మొదట్లోనే అసలు క్లయింట్ ఐపీ ఇదీ అని చెప్పేస్తుంది, పోస్ట్‌ఫిక్స్‌కి 2.10 నుంచి ఇది అర్థమవుతుంది. కానీ రెండు వైపులా ఒకేసారి ఆన్ చెయ్యాలి. లోడ్ బాలెన్సర్ ఒక్కటే పంపితే సర్వర్ దాన్ని తెలీని కమాండ్ అనుకుంటుంది, సర్వర్ ఒక్కటే ఎదురుచూస్తే బ్యానర్ (మొదటి పలకరింపు లైన్) ఇవ్వకుండా కూర్చుని టైమౌట్ అవుతుంది. హెల్త్ చెక్ (సర్వర్ బతికుందా అని లోడ్ బాలెన్సర్ చేసే పరీక్ష) కూడా అదే ప్రోటోకాల్‌లో మాట్లాడాలి, లేకపోతే బాగున్న సర్వర్లని కూడా చచ్చిపోయాయని పక్కన పెడుతుంది.

నిజానికి బయట నుంచి వచ్చే 25ని లోడ్ బాలెన్సర్ వెనక పెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. ఎస్ఎంటీపీలో ఆ పని చేసే ఏర్పాటు ఎప్పట్నుంచో ఉంది, ఒకే ప్రయారిటీతో రెండు ఎమ్ఎక్స్ రికార్డులు (మెయిల్ ఏ సర్వర్‌కి రావాలో డీఎన్ఎస్‌లో చెప్పేవి) పెట్టి ఒక్కో సర్వర్‌కి ఒక్కో పబ్లిక్ ఐపీ నాట్ చేస్తే పంపేవాళ్లే పంచుకుంటారు, ఒకటి పడిపోతే రెండోదానికి వెళ్తారు, రెండూ పడిపోయినా క్యూలో పెట్టుకుని రోజుల తరబడి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తారు. క్లయింట్ అసలు ఐపీ కూడా సర్వర్‌కి నేరుగా కనిపిస్తుంది. లోడ్ బాలెన్సర్‌ని 443కి, 993కి (ఐమ్యాప్‌తో మెయిల్ చదవడానికి), 587కి (యూజర్లు మెయిల్ పంపడానికి) ఉంచుకోండి, ఎందుకంటే అక్కడ అవతల ఉన్నది ఓపిగ్గా క్యూ కట్టే సర్వర్ కాదు, మెయిల్ కోసం చూస్తున్న మనిషి.

25ని ఇంటి నుంచి టెస్ట్ చేసి "ఓపెన్ కావట్లేదు" అని తేల్చెయ్యకండి, బయటికి వెళ్లే 25ని బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు చాలావరకు మూసేస్తాయి, ఏడబ్ల్యూఎస్, గూగుల్ క్లౌడ్‌లో మెషిన్ తీసుకున్నా అంతే. బ్యానర్ వచ్చింది గానీ 220 తర్వాత అన్నీ నక్షత్రాలే కనిపిస్తే దారిలో సిస్కో ఏఎస్ఏ ఫైర్‌వాల్ ఉండి దాని ఈఎస్ఎంటీపీ ఇన్‌స్పెక్షన్ (మెయిల్ కమాండ్‌లని పరిశీలించే సెట్టింగ్) ఆన్‌లో ఉందని అర్థం, అది ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టే స్టార్ట్‌టీఎల్ఎస్ కమాండ్‌ని కూడా దాచేయగలదు, బయటి సర్వర్లు ఎన్‌క్రిప్షన్ లేకుండా పంపుతాయి లేదా అసలు పంపవు. లోపల నుంచి చూసినవాళ్లకి ఈ నక్షత్రాలు ఎప్పటికీ కనపడవు.

హెల్త్ చెక్ విషయానికొస్తే పింగ్ పెట్టడం, 443 ఓపెన్ ఉందా అని మాత్రమే చూడటం చాలదు. ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్) పోర్ట్ వింటూనే ఉంటుంది, వెనక ఓడబ్ల్యూఏ (బ్రౌజర్‌లో తెరిచే అవుట్‌లుక్) చచ్చిపోయి ఉంటుంది, లోడ్ బాలెన్సర్ మాత్రం సగం మందిని అక్కడికే పంపుతూ ఉంటుంది. ఎక్స్ఛేంజ్ 2013 నుంచి ప్రతి వర్చువల్ డైరెక్టరీకీ (ఓడబ్ల్యూఏ లాంటి ఒక్కో సర్వీస్‌కీ) ఒక హెల్త్‌చెక్ పేజీ ఉంది, బాగుంటే 200 ఓకే ఇచ్చి కింద సర్వర్ పేరు రాస్తుంది, ఓడబ్ల్యూఏకి దాని పేజీని, యాక్టివ్‌సింక్‌కి (ఫోన్లు మెయిల్ తెచ్చుకునే పద్ధతికి) దాని పేజీని విడివిడిగా చూడాలి. అప్పుడు ఒక సర్వర్‌లో యాక్టివ్‌సింక్ పాడైతే ఫోన్లు మాత్రమే పక్క సర్వర్‌కి వెళ్తాయి. ప్యాచ్ వేసి మెయింటెనెన్స్ మోడ్ నుంచి తియ్యడం మర్చిపోయినా ఈ పేజీ చెప్పేస్తుంది. ఇంకోటి, సర్వర్లలో టీఎల్ఎస్ 1.0, 1.1 ఆపేసి పాత లోడ్ బాలెన్సర్ ఫర్మ్‌వేర్ అలాగే వదిలేస్తే హెల్త్ చెక్‌లన్నీ ఒకేసారి ఫెయిల్ అయ్యి అందరికీ 503 వస్తుంది, సర్వర్‌కి నేరుగా వెళ్లేవాళ్లకి మాత్రం ఏమీ కాదు.

సర్టిఫికెట్ గొడవలు కూడా లోపల ఒకలా బయట ఒకలా కనిపిస్తాయి. ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ (మన సర్టిఫికెట్‌ని నమ్మకమైన రూట్‌తో కలిపేది) పెట్టడం మర్చిపోతే విండోస్ పీసీ తనే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుని సర్దుకుంటుంది, ఆండ్రాయిడ్ ఫోన్ సర్దుకోదు, "పీసీలో వస్తోంది ఫోన్‌లో రావట్లేదు" అంటే ముందు అదే. రెండు సర్వర్ల మీద వేర్వేరు సర్టిఫికెట్లు ఉంటే ఓడబ్ల్యూఏలో పాస్‌వర్డ్ కొట్టగానే మళ్లీ లాగిన్ పేజీకే వచ్చి పడతారు, ఎందుకంటే ఒక సర్వర్ ఇచ్చిన లాగిన్ కుకీని రెండోది విప్పలేదు. ఎక్స్ఛేంజ్ 2010లో సెషన్ అఫినిటీ తప్పనిసరి, ఒక యూజర్ ఒకే సర్వర్‌కి అతుక్కుని ఉండాలి, 2013 నుంచి అక్కర్లేదు, కానీ సర్టిఫికెట్ ఒకటే ఉండాలన్న షరతు మాత్రం ఉంది.

ఈమధ్య ఎక్కువగా కనిపిస్తున్నది ఇంకోటి, బయట ఉన్న అవుట్‌లుక్ పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంటుంది, సరైనదే కొట్టినా తీసుకోదు. ఎక్స్‌టెండెడ్ ప్రొటెక్షన్ వల్ల అది. 2022 ఆగస్టు సెక్యూరిటీ అప్‌డేట్లతో ఎక్స్ఛేంజ్‌కి వచ్చింది, 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఎక్స్ఛేంజ్ 2019 సీయూ14 (14వ క్యుములేటివ్ అప్‌డేట్) నుంచి ఇన్‌స్టాల్ చేస్తేనే ఆన్ అయిపోతుంది. క్లయింట్ చూసిన సర్టిఫికెట్, సర్వర్ దగ్గరున్న సర్టిఫికెట్ ఒకటేనా అని ఇది చూస్తుంది, కాబట్టి లోడ్ బాలెన్సర్ మధ్యలో ఎన్‌క్రిప్షన్ విప్పి వెనక్కి మామూలు హెచ్‌టీటీపీగా పంపే ఎస్ఎస్ఎల్ ఆఫ్‌లోడింగ్ దీంతో కుదరదు, విప్పి మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేసి పంపేటట్టయితే లోడ్ బాలెన్సర్ మీద, సర్వర్ల మీద అదే సర్టిఫికెట్ ఉండాలి. చిరాకేసి ప్రొటెక్షన్ ఆపేసేవాళ్లున్నారు, అలా చెయ్యకండి, దొంగిలించిన లాగిన్‌ని మధ్యలోంచి ఇంకో సర్వర్‌కి తిప్పి పంపే దాడులని ఆపేది ఇదే. అలాగే 2021 మార్చిలో ప్రాక్సీలాగాన్ అనే ఎక్స్ఛేంజ్ లోపం బయటపడినప్పుడు 443 ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న ఎక్స్ఛేంజ్‌లు ఎలా దెబ్బతిన్నాయో గుర్తుంచుకుని, అడ్మిన్లు వాడే ఈసీపీ పేజీని బయట నుంచి రాకుండా లోడ్ బాలెన్సర్‌లోనే ఆపెయ్యండి.

మెయిల్ వస్తోంది గానీ ఫోన్‌కి ఆలస్యంగా వస్తోంది, బ్యాటరీ అయిపోతోంది అంటే టైమౌట్‌లు చూడండి. యాక్టివ్‌సింక్‌లో ఫోన్ ఒక రిక్వెస్ట్ పంపి కొత్త మెయిల్ వచ్చేదాకా నిమిషాల తరబడి అలా పట్టుకుని కూర్చుంటుంది, ఐమ్యాప్ ఐడిల్ కూడా అంతే, దాని స్టాండర్డ్‌లో 29 నిమిషాలకోసారి మళ్లీ చెప్తే చాలని ఉంది. లోడ్ బాలెన్సర్‌లో ఐడిల్ టైమౌట్ వెబ్‌సైట్లకి పెట్టినట్టు ఒక నిమిషం ఉంటే కనెక్షన్ తెగుతూ, ఫోన్ మళ్లీ కడుతూ ఉంటుంది. ఫైర్‌వాల్‌లో, లోడ్ బాలెన్సర్‌లో రెండిట్లోనూ 30 నిమిషాలకి పెంచండి, ఒకదాంట్లో పెంచి రెండోది వదిలేస్తే ఫలితం ఉండదు.

అంతా కుదిరాక ఒక సాయంత్రం ముందే అందరికీ చెప్పి, మొబైల్ డేటా మీద ఫోన్ పెట్టుకుని, ఒక సర్వర్‌ని ఆపి చూడండి, దాన్ని లేపి రెండోది ఆపండి, తర్వాత లోడ్ బాలెన్సర్ జత ఉంటే యాక్టివ్‌గా ఉన్నదాన్ని ఆపండి. ఆ చివరి దశలో లోపల వెంటనే వచ్చి బయట మాత్రం కాసేపు ఆగితే, విప్ కొత్త మెషిన్‌కి మారిన సంగతి ఫైర్‌వాల్‌కి తెలీలేదు, దాని ఏఆర్‌పీ టేబుల్‌లో ఇంకా పాత మ్యాక్ ఉంది. స్టాండ్‌బై మెషిన్ గ్రాట్యుటస్ ఏఆర్‌పీ (ఈ ఐపీ ఇప్పుడు నాదని అడక్కుండానే చెప్పే ప్యాకెట్) పంపుతోందా, ఫైర్‌వాల్ దాన్ని తీసుకుంటోందా అనేది క్యాప్చర్‌లో చూసి సరిచేసి, మళ్లీ ఒకసారి ఆపి చూడండి.